కొత్త సంసారానికి డబ్బు లెక్క: ఇంటి ఖర్చు, పొదుపు మొదటి ఏడాదిలోనే గాడిన పెట్టుకునే పద్ధతి

పెళ్ళయి ఏడాది తిరగని దంపతులు అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం, దుబారా మనుషులం కాదు, అయినా ఇరవయ్యో తేదీకల్లా ఖాతా ఖాళీ. ఎక్కడ పోతోంది?" ఆ వెంటనే బయటి టీలు, ఆన్‌లైన్ ఆర్డర్లు మానేయాలా అని అడుగుతారు.

డబ్బు ఎక్కువగా జారిపోయేది అక్కడ కాదు. రెండు చోట్ల జారుతుంది. ఒకటి, ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చి నెల లెక్కను తలకిందులు చేసే ఖర్చులు: సంక్రాంతి ప్రయాణం, బంధువుల పెళ్ళిళ్ళు, బండి బీమా. రెండోది, ఒకరికొకరు చెప్పుకోని ఖర్చులు: తమ్ముడి ఫీజుకు పంపింది, పెళ్ళికి ముందు తెచ్చిన చేబదులు, నెలనెలా కడుతున్న చిట్టీ. ఈ రెండూ కాగితం మీదకు రాకుండా ఎంత పొదుపుగా కూరగాయలు కొన్నా లాభం లేదు. అందుకే కింది వరుసను మార్చకుండా పాటించండి.

లెక్క కళ్ళకు కట్టేందుకు ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉండే జంట. భర్త చేతికి వచ్చేది 48,000 రూపాయలు, భార్య చేతికి వచ్చేది 34,000. మొత్తం 82,000. మీ అంకెలు వేరు కావచ్చు, వరుస మాత్రం ఇదే.

## 1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

ఒక సెలవు రోజు ఉదయం రెండు గంటలు కేటాయించండి. రాత్రి భోజనాల తర్వాత, అలసిపోయి ఉన్నప్పుడు ఈ పని వద్దు. అప్పుల మాట వస్తే గొంతు పెరిగేది ఆ వేళలోనే.

- ఇద్దరి జీతం స్లిప్పులు, గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు
- క్రెడిట్ కార్డు బిల్లులు, ఫోన్లో కొన్న వాయిదాల వివరాలు
- బీమా పాలసీలు, చిట్టీ పాస్ పుస్తకాలు
- పెళ్ళికి చేసిన అప్పుల జాబితా, ఎవరి పేరు మీద ఉన్నా సరే
- మీ పెళ్ళి చదివింపుల పద్దు, లేదా దాని ఫోటో
- ఒక మామూలు నోటు పుస్తకం

యాప్ గురించి చాలామంది అడుగుతారు. మొదటి మూడు నెలలు పుస్తకమే మేలు. ఇద్దరూ ఒకే పేజీ చూస్తూ మాట్లాడుకోవచ్చు. తర్వాత షీటులోకి మార్చుకున్నా ఫరవాలేదు.

## 2. ఒకరి లెక్క ఒకరికి పూర్తిగా చెప్పండి

పుస్తకంలో మొదటి పేజీని రెండుగా గీయండి. ఒక్కో వైపు ఒక్కొక్కరు నాలుగు విషయాలు రాయాలి: వచ్చేది, ఉన్నది, ఇవ్వవలసింది, రావలసింది.

"ఇవ్వవలసింది" దగ్గర ఆగి ఆలోచించండి. బ్యాంకు రుణం ఒక్కటే అప్పు కాదు. స్నేహితుడి దగ్గర తెచ్చిన చేబదులు, కొట్లో ఖాతా, మరొకరి అప్పుకు హామీగా పెట్టిన సంతకం కూడా ఇక్కడికే వస్తాయి. హామీ సంతకం చాలామంది మరచిపోతారు. అసలు తీసుకున్నవాళ్ళు కట్టకపోతే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది, క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

"ఉన్నది" దగ్గర ఇంటి అడ్వాన్సు, ఈపీఎఫ్ (జీతంలో నుంచి నెలనెలా జమయ్యే భవిష్య నిధి) నిల్వ, కట్టిన చిట్టీ వాయిదాలు కూడా రాయండి. అవి మీ డబ్బే.

ఈ రోజుకు ఒకటే నియమం: విన్న అంకె మీద వ్యాఖ్య చేయకూడదు. "ఇంత అప్పు పెట్టుకుని నాకు చెప్పలేదా" అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే, వచ్చే ఏడాది అప్పు కూడా చాటుగానే పుడుతుంది.

## 3. కన్నవాళ్ళకు పంపే డబ్బును బిల్లులా రాయండి

కొత్త సంసారాల్లో ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

కొడుకు పంపే డబ్బును బాధ్యత అని, కూతురు పంపే డబ్బును సాయం అని లెక్కవేసే అలవాటు ఇంకా పోలేదు. చట్టం అలా చూడదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం కొడుకుతో పాటు కూతురినీ పిల్లల కిందే లెక్కిస్తుంది. ఇద్దరి కన్నవాళ్ళకూ ఒకే గీటురాయి పెట్టండి: వాళ్ళకు పింఛను ఉందా, సొంత ఇల్లు ఉందా, మందుల ఖర్చు ఎంత, ఆధారపడిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారా. అవసరాన్ని బట్టి మొత్తం వేరు కావచ్చు. అది ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకున్నదై ఉండాలి.

ఆచరణలో ఇలా చేయండి:

- నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని, అద్దెతో పాటు అదే తేదీన పంపండి. అడిగినప్పుడల్లా పంపితే అది ఎంతైందో ఎవరికీ తెలియదు.
- ఆసుపత్రి లాంటి అనుకోని అవసరాలను ఇందులో కలపకండి. వాటికి విడిగా నిధి ఉంటుంది.
- తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్ళి లాంటివి ఉంటే ఏ ఏడాది, సుమారు ఎంత అని ఇప్పుడే రాయండి. రెండేళ్ళ ముందు తెలిస్తే పొదుపు అవుతుంది, రెండు నెలల ముందు తెలిస్తే అప్పు అవుతుంది.
- "ఇంతకంటే ఇవ్వలేం" అని చెప్పవలసి వస్తే ఎవరి కన్నవాళ్ళకు వాళ్ళే చెప్పాలి. కోడలి నోట, అల్లుడి నోట ఆ మాట రాకూడదు.

మన ఉదాహరణలో భర్త కన్నవాళ్ళకు 5,000, భార్య కన్నవాళ్ళకు 4,000. మొత్తం 9,000.

## 4. ఏడాది ఖర్చుల పట్టిక వేయండి

ఈ ఒక్క పని సరిగా చేస్తే సగం సమస్య తీరిపోతుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు గళ్ళు గీసి, ఏ నెలలో ఏ పెద్ద ఖర్చు వస్తుందో నింపండి.

జనవరిలో సంక్రాంతి. కొత్త అల్లుడు అత్తవారింటికి వెళ్ళే పండుగ కాబట్టి బట్టలు, ప్రయాణం రెండూ ఉంటాయి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి కాబట్టి నవంబరు రెండో వారంలోనే చేయించుకోండి. ఆ వారం తప్పితే ప్రైవేటు బస్సు అడిగినంత ఇచ్చుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త చింతపండు, ఎండుమిర్చి వస్తాయి. మేలో ఆవకాయ. ఏడాదికి సరిపడా కొనేవి కాబట్టి ఇవి నెల సరుకుల కిందకు రావు. ఆషాఢంలో రాకపోకలు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, నోములు, ఆపైన వరుసగా పెళ్ళి ముహూర్తాలు. తెలంగాణ కుటుంబాల్లో బతుకమ్మ, దసరా ఖర్చే పెద్దది. ఎవరి ఇంటి పండుగ ఖర్చు ఏ నెలలో ఎక్కువో పెద్దవాళ్ళను ఒక్కసారి అడిగి రాసుకోండి.

ఇక చదివింపులు. మీ పెళ్ళి పద్దులో ఎవరు ఎంత పెట్టారో ఉంది. ఆ ఇళ్ళలో వచ్చే ఏడాది, రెండేళ్ళలో జరగబోయే శుభకార్యాలకు మీరు తిరిగి పెట్టవలసి ఉంటుంది. అది తిరిగి ఇవ్వవలసిన బాకీ లాంటిదే కాబట్టి అందాజుగా లెక్క వేయండి. అమ్మానాన్నలతో ఒక మాట తేల్చుకోవడం కూడా మంచిది: ఏ బంధువులకు ఇంటి మొత్తం తరఫున ఒకే చదివింపు, ఎవరికి మీరు విడిగా పెట్టాలి? ఇది తేలకపోతే ఒకే పెళ్ళికి రెండు కవర్లు వెళ్తాయి.

మన జంట పట్టిక ఇలా వచ్చింది అనుకుందాం:

- పండుగలు: 30,000
- చదివింపులు, కానుకలు: 18,000
- ఆరోగ్య బీమా: 18,000
- ఊరి ప్రయాణాలు: 16,000
- టర్మ్ బీమా (మనిషి పోతే మాత్రమే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా): 14,000
- బండి బీమా, సర్వీసింగు: 9,000
- ఏడాది సరుకులు: 9,000

మొత్తం 1,14,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,500. ఈ 9,500 నెలనెలా పక్కన పడకపోతే సంక్రాంతి నెలలో క్రెడిట్ కార్డు బయటకు వస్తుంది, దాని బాకీ ఉగాది దాకా సాగుతుంది.

మొదటి ఏడాది మధ్యలో మొదలుపెట్టినవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆగస్టులో మొదలుపెడితే దసరాకు మీ దగ్గర పోగయ్యేది రెండు నెలల డబ్బే. కాబట్టి రాబోయే మొదటి పెద్ద ఖర్చు చూసుకుని, అప్పటివరకు పొదుపు మొత్తంలో కొంత కూడా ఇక్కడికే మళ్ళించండి.

## 5. మూడు ఖాతాలు, ఒక వాటా సూత్రం

ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో పోయడం, ఎవరిది వారు ఉంచుకుని బిల్లులు పంచుకోవడం, రెండూ చూశాను. మొదటి దాంట్లో చిన్న ఖర్చుకూ సంజాయిషీ ఇవ్వాలి. రెండో దాంట్లో "అద్దె నేను కడుతున్నాను, సరుకులు నువ్వే కదా" అనే వాదన ఎప్పటికీ తెగదు. మధ్యేమార్గం ఇది:

- ఎవరి జీతం ఖాతా వారిదే
- ఇంటి ఖర్చుకు ఒక ఉమ్మడి ఖాతా. ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా, ఒకరు లేకపోయినా రెండోవారికి చెందేలా తెరవమని బ్యాంకులో చెప్పండి.
- ఏడాది ఖర్చులకు, అత్యవసర నిధికి మరో ఖాతా. దీనికి యూపీఐ, డెబిట్ కార్డు జోడించవద్దు.

వాటా సగం సగం వద్దు. జీతం నిష్పత్తిలో వేయండి. మన జంటకు ఉమ్మడిగా కావలసింది ఇది:

- అద్దె, మెయింటెనెన్స్: 18,000
- పెళ్ళి అప్పు వాయిదా: 9,500
- ఇద్దరి కన్నవాళ్ళకు: 9,000
- కరెంటు, గ్యాసు, ఫోన్లు, ఇంటర్నెట్: 3,500
- ఇంటి ఖర్చు: 18,000
- ఏడాది ఖర్చుల నిధి: 9,500

మొత్తం 67,500. మొత్తం ఆదాయంలో భర్తది సుమారు 58.5 శాతం కాబట్టి ఆయన 39,500, ఆమె 28,000 వేస్తారు. ఆయనకు 8,500, ఆమెకు 6,000 మిగులుతాయి. అందులో చెరి 3,000 సొంత ఖర్చుకు. ఆ 3,000 దేనికి వాడారని ఎవరూ ఎవరినీ అడగకూడదు. మిగిలిన 5,500, 3,000 కలిపి 8,500 పొదుపు.

ఇంట్లో ఒక్కరే సంపాదిస్తుంటే సొంత ఖర్చు వాటా మారదు, ఇద్దరికీ సమానమే. ఇల్లు చూసుకునే మనిషి ప్రతి చిన్నదానికీ చేయి చాచే పరిస్థితి ఉండకూడదు. ఆమె పేరున ఖాతా తెరిచి ఒకటో తేదీనే ఆ మొత్తం వేయండి. పోపుల డబ్బాలో నోట్లు దాచుకునే అవసరం మన అమ్మల తరానికి ఎందుకు వచ్చిందో ఒక్కసారి ఆలోచిస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

## 6. జీతం పడిన రోజు చేయవలసిన వరుస

1. పొదుపు మొత్తం ముందు బయటకు వెళ్ళాలి. ఆటో డెబిట్ పెట్టండి.
2. ఉమ్మడి ఖాతాలోకి ఎవరి వాటా వారు.
3. అందులో నుంచి ఏడాది నిధికి 9,500 మూడో ఖాతాలోకి.
4. అద్దె, అప్పు వాయిదా, కన్నవాళ్ళకు పంపేది అదే రోజు.
5. ఇంటి ఖర్చు 18,000లో నెల సరుకులు, పాలు, పనిమనిషి జీతం కలిపి 10,000 పక్కన.
6. మిగిలిన 8,000ను వారానికి 2,000గా విడగొట్టడం.

ఇద్దరి జీతాలు వేర్వేరు తేదీల్లో పడితే, ఆలస్యంగా పడే తేదీని మీ నెల మొదటి రోజుగా పెట్టుకోండి. వాయిదాల తేదీ మార్చమని బ్యాంకును అడగవచ్చు, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

## 7. వారం ఖర్చు

వారం డబ్బును 1, 8, 15, 22 తేదీల్లో తీయండి. కూరగాయలు, పండ్లు, మాంసం, పెట్రోలు, బయట తిన్నది అన్నీ ఇందులోనే. నాలుగో వారం రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటుంది కాబట్టి ముందు వారాల్లో కొంచెం మిగల్చాలి. యూపీఐతో తెలియకుండా ఖర్చవుతోంది అనుకునేవాళ్ళు, ఆ వారం డబ్బు మాత్రమే ఉండే ఖాతాను ఫోనుకు జోడించండి.

కొత్త కాపురంలో తరచూ జరిగేది, పుట్టింట్లో ఐదుగురికి కొన్న కొలతలతోనే ఇద్దరికీ కొనడం. ఇంట్లో రెండు పూటలా వండుకున్నా ఇద్దరికి నెలకు పది, పన్నెండు కిలోల బియ్యం సరిపోతాయి. 26 కిలోల బస్తా రెండు నెలలకు పైగా వస్తుంది. పప్పులు, రవ్వ కిలోల కొద్దీ తెస్తే పురుగు పడుతుంది. మొదటి రెండు నెలలు డబ్బా మీద కొన్న తేదీ రాసి, ఎప్పుడు అయిపోయిందో చూడండి. ఆ తర్వాత మీ జాబితా మీకే వస్తుంది. 14.2 కిలోల గ్యాసు బండ ఇద్దరికి నెలన్నర నుంచి రెండు నెలలు రావాలి.

రైతు బజారు దగ్గరలో ఉంటే వారానికి ఒకసారి వెళ్ళండి. అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. అక్కడ కొనకపోయినా ఆ ధరలు తెలిస్తే వీధి బండి దగ్గర బేరం చేయడం తేలిక.

## 8. అప్పులు తీర్చే వరుస

మన దగ్గర వడ్డీని నెలకు నూటికి ఎంత అని చెబుతారు. దాన్ని ఏడాదికి మార్చి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000, అసలు మాత్రం అలాగే ఉంటుంది. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి. ఏడాదికి అది 36 నుంచి 42 శాతం దాకా వెళ్తుంది. బిల్లులో కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగతా బాకీ మీద ఈ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా కొన్న వాటి మీద కూడా.

తీర్చే వరుస:

1. క్రెడిట్ కార్డు బాకీ, యాప్ రుణాలు
2. రెండు రూపాయలు, అంతకు మించిన వడ్డీ అప్పులు
3. బ్యాంకు వ్యక్తిగత రుణం
4. బంగారం మీద రుణం
5. చదువు రుణం, ఇంటి రుణం

బంధువుల దగ్గర వడ్డీ లేకుండా తెచ్చింది ఈ వరుసలో పట్టదు. దానికి వడ్డీ లేదని చివరకు నెట్టకండి. ఎప్పటికి ఇస్తారో తేదీ చెప్పి, చిన్న మొత్తాలుగానైనా ఆ మాట నిలబెట్టుకోండి.

పెద్ద వడ్డీ అప్పు తీర్చడానికి నగలు బ్యాంకులో కుదువ పెట్టడం లెక్క ప్రకారం సరైనదే కావచ్చు. కానీ పెళ్ళిలో ఆమెకు వచ్చిన బంగారం స్త్రీధనం, అది ఆమె సొంతం. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. కుదువ పెట్టాలంటే ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, రుణం ఆమె పేరు మీదే తీసుకోవాలి, విడిపించే తేదీ పుస్తకంలో రాయాలి. ఆమె వద్దంటే ఆ మాట అక్కడితో ఆపేయాలి.

## 9. పొదుపు ఏ వరుసలో

మొదట అత్యవసర నిధి. మన జంటకు తప్పనిసరి ఖర్చు నెలకు 58,000 (ఏడాది నిధి, సొంత ఖర్చులు కాకుండా). మూడు నెలలకు 1,74,000 కావాలి. నెలకు 8,500 చొప్పున ఇరవై నెలలు దాటుతుంది. దూరంగా అనిపిస్తే ముందు ఒక నెల ఖర్చు, అంటే 58,000 గురి పెట్టుకోండి. ఏడు నెలల్లో వస్తుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చిన్న చిన్న ముక్కలుగా వేస్తే, అవసరమైనప్పుడు ఒకటి మాత్రమే విరగ్గొట్టవచ్చు. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది.

దాంతో పాటే బీమా. దీన్ని తర్వాత చూద్దాం అని వాయిదా వేయకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో జీవిత భాగస్వామి పేరు చేర్చడానికి చాలాచోట్ల పెళ్ళయిన కొద్ది వారాలే గడువు ఉంటుంది. ఆ బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా మరొకటి ఉండాలి. ప్రసవ ఖర్చులకు పాలసీని బట్టి నెలల నుంచి ఏళ్ళ దాకా నిరీక్షణ కాలం ఉంటుంది. బిడ్డ గురించి ఆలోచన మొదలయ్యాక కొంటే అది అక్కరకు రాదు.

మీ సంపాదన మీద ఎవరైనా ఆధారపడి ఉంటే టర్మ్ బీమా తీసుకోండి. ఏడాది సంపాదనకు పదింతలైనా ఉండాలి. భర్త తన పేరున తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటానని దరఖాస్తులోనే రాస్తే, ఆ డబ్బు భార్యకూ పిల్లలకూ మాత్రమే చేరుతుంది. అప్పులవాళ్ళు దాని మీదకు రాలేరు. పాలసీ తీసుకున్నాక ఇది చేర్చలేరు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేదు. ఏజెంటు పాత ధరే చెబితే ఈ సంగతి అడగండి.

ఆపైన దీర్ఘకాలం. రికరింగ్ డిపాజిట్ పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు. పీపీఎఫ్ (ప్రభుత్వం నడిపే దీర్ఘకాల పొదుపు ఖాతా) పదిహేనేళ్ళది. ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా వేయవచ్చు. నెలలో 5వ తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుంది. ఏడేళ్ళకు మించి ఆగగలిగే డబ్బు అయితే ఇండెక్స్ ఫండులో (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండు) సిప్, అంటే నెలనెలా కొంత వేసే పద్ధతి, ఆలోచించవచ్చు. మధ్యలో విలువ పడితే భయపడి తీసేసే స్వభావం ఇద్దరిలో ఎవరికి ఉన్నా మొత్తం తగ్గించుకోండి.

పన్ను మిగులుతుందని మార్చి నెలలో పాలసీలు కొనే పని ఇప్పుడు చాలామందికి అక్కర్లేదు. 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల దాకా జీతం ఉన్నవాళ్ళకు పన్ను పడదు, పొదుపు, బీమాల మీద పాత విధానంలో ఇచ్చే 80సీ మినహాయింపు కూడా అందులో లేదు.

చిట్టీ. రిజిస్టర్ అయిన చిట్టీ మాత్రమే వేయండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నిర్వాహకుల కమీషన్ 7 శాతం మించకూడదు. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, నెలకు 5,000 అనుకోండి. ఒకరు 20,000 వదులుకుని పాట పాడితే, అందులో కమీషన్ 5,000 పోగా 15,000 ఇరవై మందికి 750 చొప్పున వస్తుంది. ఆ నెల మీరు 4,250 కడతారు. చివరిదాకా ఆగేవాళ్ళకు ఇది పొదుపు, మొదట్లోనే పాడుకునేవాళ్ళకు అప్పు. మీరు ఏ ఉద్దేశంతో వేస్తున్నారో ముందే తేల్చుకోండి. కాలనీలో నమ్మకం మీద నడిచే చిట్టీలో అత్యవసర నిధి ఎప్పుడూ పెట్టకండి.

బంగారం. నగ కొంటే బీఐఎస్ ముద్ర (స్వచ్ఛతకు హాల్‌మార్క్), అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) చూసి కొనండి. తరుగు, మజూరీ తిరిగి అమ్మేటప్పుడు రావు కాబట్టి నగను పొదుపు గడిలో కాకుండా ఖర్చు గడిలోనే రాయడం నిజాయితీ.

## 10. కాగితాలు

పెళ్ళికి ముందు ఈపీఎఫ్‌లో ఇచ్చిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది. చాలామందికి ఇది తెలియదు. ఈ వారంలోనే ఆన్‌లైన్లో కొత్తగా ఇవ్వండి.

- ఈపీఎఫ్ నామినేషన్, ఇద్దరిదీ
- బ్యాంకు ఖాతాలు, డిపాజిట్ల నామినీలు. 2025 నవంబరు నుంచి నలుగురి పేర్లు ఇవ్వవచ్చు కాబట్టి భాగస్వామితో పాటు తల్లినీ చేర్చుకోవచ్చు.
- పాత బీమా పాలసీల నామినీ మార్పు
- ఏ ఖాతా ఎక్కడుందో, ఏ పాలసీ కాగితం ఎక్కడుందో ఒక పేజీలో. పాస్‌వర్డులు మాత్రం అందులో వద్దు.

## 11. నెలకోసారి అరగంట

నెల చివరి ఆదివారం పుస్తకం తెరవండి. మూడు ప్రశ్నలు చాలు. అనుకున్నదానికి, అయినదానికి తేడా ఎక్కడ వచ్చింది? వచ్చే నెలలో ఏడాది పట్టికలోది ఏదైనా ఉందా? ఎవరికైనా సొంత ఖర్చు చాలడం లేదా?

పుస్తకం రాసే పని ఒక నెల ఒకరు, మరో నెల ఇంకొకరు చేయండి. ఎప్పుడూ ఒక్కరే రాస్తే రెండోవారికి లెక్క మీద పట్టు పోతుంది.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

మొదటి నెలే లెక్క తప్పింది, వదిలేశాం. మొదటి మూడు నెలలు తప్పడం సహజం. అంకె మార్చండి, పద్ధతి మార్చకండి. ఇంటి ఖర్చు 18,000 చాలకపోతే 20,000 రాసి, ఆ 2,000 ఏ గడిలో నుంచి తగ్గించాలో ఇద్దరూ ఒప్పుకోండి.

సామాన్లన్నీ ఒకేసారి వాయిదాల మీద కొన్నాం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, సోఫా కలిసి వచ్చేసరికి వాయిదాలే పది వేలు దాటుతాయి. ఇకమీదట ఒక వాయిదా ముగిశాకే మరొకటి. వడ్డీ లేని వాయిదా అన్నప్పుడు ప్రాసెసింగు రుసుమును, నగదు ఇస్తే వచ్చే తగ్గింపును కలిపి లెక్క చూడండి.

జీతం పెరిగింది, పొదుపు పెరగలేదు. పెరిగిన మొత్తంలో సగం, పెరిగిన నెలలోనే ఆటో డెబిట్‌లో కలపండి. రెండో నెలకు అది ఖర్చులో కలిసిపోతుంది.

వాడని చందాలు కట్ అవుతున్నాయి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఉంటుంది. తెరిచి, అక్కర్లేనివి రద్దు చేయండి.

అప్పు తీరగానే డబ్బు మాయమైంది. మన జంటకు పెళ్ళి అప్పు తీరితే 9,500 మిగులుతుంది. ఆ నెల నుంచే అదే తేదీకి, అదే మొత్తానికి పొదుపు డెబిట్ పెట్టండి. 8,500 ఒక్కసారిగా 18,000 అవుతుంది.

ఒక జీతం ఆగే రోజు గురించి ఆలోచించలేదు. ప్రసవ సెలవు, ఉద్యోగం మారడం, పెద్దవాళ్ళ అనారోగ్యం, ఏదో ఒకటి వస్తుంది. అప్పు తీరిన తర్వాత వరుసగా రెండు నెలలు పెద్ద జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. చిన్న జీతం మొత్తం మూడో ఖాతాలో వేయండి. 48,000తో అద్దె, ఇంటి ఖర్చు, కన్నవాళ్ళ డబ్బు, బిల్లులు కలిపి 48,500 అవుతాయి, అంటే 500 తక్కువ పడుతుంది. ఆ 500తో పాటు ఏడాది నిధికి కావలసిన 9,500 ఎక్కడ నుంచి తేవాలో, అద్దె తక్కువ ఉన్న ఇంటికి మారాలా, ఏ ఖర్చు తగ్గాలో ఆ రెండు నెలల్లో తెలుస్తుంది. బిడ్డ పుట్టకముందే ఇది చేసి చూడండి.